ఎవరి ఇంటికి ఏ కుక్కపిల్ల?

కుక్కను గురించి తెలుగువారు చెప్పుకొనే మాటలలో రెండు మిక్కిలి ప్రసిద్ధమైనవి. ఒకటి సామెత. నమ్మరాని ఆధారాన్ని నమ్ముకొన్నవానిని చూచి, కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లున్నదని అంటారు. రెండవది బడిపిల్లలందరూ కంఠస్థం చేసే సుమతీ శతకంలోని పద్యం. శునకాన్ని బంగారు గద్దె మీద కూర్చుండబెట్టి పట్టం కట్టినా దాని పాతబుద్ధి దానిని విడువదని ఆ పద్యానికి తాత్పర్యం. మొదటి మాట కుక్కను నమ్మవద్దన్నది. రెండవ మాట కుక్క మారదన్నది.

1928 జూన్ నెలలో న్యూయార్క్ నగరంలో మొదటి మాటకు పరీక్ష జరిగినది. మారిస్ ఫ్రాంక్ అనే ఇరవై యేళ్ల అమెరికన్ యువకుడు వెస్ట్ స్ట్రీట్ అనే రద్దీవీధి అంచున నిలుచున్నాడు. బాల్యంలో ఒక ప్రమాదం వలన ఒక కన్నూ, పదహారవ యేట మరొక ప్రమాదం వలన రెండవ కన్నూ పోగొట్టుకొన్నవాడు. అతని ఎడమచేతిలో ఒక పిడి ఉన్నది. ఆ పిడి బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్ కుక్క వీపున బిగించిన తోలుపట్టాలది. లారీలూ, కార్లూ ఎడతెగకుండా పోతున్నవి. పత్రికా విలేఖరులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బడ్డీ ముందుకు నడిచినది, ఆగినది, వెనుకకు తగ్గినది, మరల నడిచినది. కొద్ది నిమిషాలలో ఇద్దరూ ఆవలి గట్టు చేరినారు. తనకు కుక్కను ఇచ్చినవారికి ఆ యువకుడు పంపిన తంతిలో ఒకటే మాట: విజయం.

ఆ కుక్కను ఇచ్చినది డొరొతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ వనిత. ఆమె స్విట్జర్లాండ్‌లో ఉంటూ, పనికి వచ్చే కుక్కల జాతిని అభివృద్ధి చేస్తుండేది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకు దారిచూపే కుక్కలను ఇచ్చే పని జర్మనీలో 1916లోనే ప్రారంభమైనది. పాట్స్‌డామ్ నగరంలో అట్టి శిక్షణాలయాన్ని చూచి, 1927 నవంబరు 5వ తేదీ సంచికలో ఒక అమెరికన్ వారపత్రికకు ఆమె వ్యాసం వ్రాసినది. ఫ్రాంక్‌కు దానిని తండ్రి చదివి వినిపించినాడు. అతడు ఆమెకు ఉత్తరం వ్రాసి, స్విట్జర్లాండ్ వెళ్లి, బడ్డీతో నడవడం నేర్చుకొని వచ్చినాడు. 1929లో వారి పూనికతో 'సీయింగ్ ఐ' అనే సంస్థ అమెరికాలో వెలసినది. ఆ సంస్థ నేటికీ న్యూజెర్సీలో పనిచేస్తూనే ఉన్నది.

గోదావరి ఈదించే కుక్కలు లోకంలో ఉన్నవని ఈ విధంగా తేలినది. కాని అంతకంటె కష్టమైన ప్రశ్న అప్పుడే మొదలైనది. ఏ కుక్క ఈదించగలదు? ఎవరిని ఈదించగలదు? ఆ సంగతి అది పాలు త్రాగే పిల్లగా ఉన్నప్పుడే తెలుసుకోవడానికి వీలున్నదా?

ముందుగా వచ్చిన పిల్ల

ఇంట పెంచుకోవడానికి పిల్లను ఎంచుకొనేవారు సామాన్యంగా ఏమి చేస్తారు? ఒకే ఈతలో పుట్టిన ఆరు పిల్లల ముందు కూర్చుంటారు. అందులో ఒకటి గంతులు వేస్తూ వచ్చి కాలివేలు పట్టుకొంటుంది. చెప్పు లాగుతుంది. "చూచినారా, ఇదే మనలను ఎంచుకొన్నది!" అని ఇంటివారు మురిసిపోతారు. దానినే చంకన బెట్టుకొని వస్తారు.

మరునాడు వేరొక కుటుంబం వచ్చి ఉంటే ఆ పిల్ల వారి దగ్గరకూ అట్లే ముందుగా పరుగెత్తేది. అది ఎవరినీ ఎంచుకోలేదు. ఆరింటిలో తెగువ, చొరవ గలది అదే, అంతే. తెగువ మంచిగుణమే. మామిడితోటకు కాపలాగా ఉండవలసినదైతే, రోజూ రెండు మైళ్లు తిరిగే యజమాని దొరికితే, ఆ గుణం రాణిస్తుంది. అదే పిల్ల డెబ్భై యేళ్లు దాటిన దంపతుల ఇంట, రెండు గదుల మధ్య పెరిగితే, ఆరు నెలలు తిరిగేసరికి తలుపులు గోకుతుంది, వచ్చినవారి మీదికి దూకుతుంది, ముసలివారిని త్రోవలో పడవేస్తుంది. అప్పుడు దానికి చెడ్డకుక్క అని పేరు వస్తుంది.

ఇక మూలన నక్కి ఉన్న పిల్లను చూచి జాలిపడి తెచ్చుకొనేవారు మరికొందరు. దానిని నలుగురు పసిపిల్లలు కేకలు వేస్తూ ఆడుకొనే ఇంటికి తెస్తే, మంచం క్రింద దాగిన దాని తోక పట్టి ఎవరో ఒకరు లాగకమానరు. కరిచే కుక్కలలో పౌరుషం గలవే కాదు, పారిపోవడానికి దారిలేక భయంతో కరిచేవీ ఉన్నవి. ఈ పిల్లే సద్దులేని ఇంట, ఓపిక గల ఒక్క మనిషి దగ్గర పెరిగితే, నీడవలె వెంట తిరుగుతుంది.

ఒకే తల్లి పిల్లలలో ఈ భేదాలు పెంచేవారందరికీ తెలిసినవే. వీటిని చూచీచూడగానే అంచనా కట్టడమా, క్రమపద్ధతిలో పరీక్షించడమా అన్నదే ప్రశ్న.

పన్నెండు వారాల గడువు

ఈ ప్రశ్నకు సమాధానం కోసం పట్టుపట్టినవారిలో క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ ముఖ్యుడు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు శాన్ రఫేల్ పట్టణంలో అంధులకు కుక్కలనిచ్చే సంస్థ ఒకటి ఉన్నది. 1940ల నడుమ అక్కడ శిక్షణకు తీసుకొన్న కుక్కలలో పదింట ఒకటి కూడా పనికి నిలిచేది కాదని ఆయన వ్రాసినాడు. నెలల తరబడి శ్రమించిన తరువాత ఒక కుక్క పనికిరాదని తేలితే, ధనమూ కాలమూ వృథా. దాని కోసం ఎదురుచూచిన మనిషి ఇల్లు కదలలేక కూర్చోవడం అంతకంటె పెద్ద నష్టం.

అదే కాలంలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో, జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఐదు జాతుల కుక్కలను పుట్టిన దినం మొదలు పరిశీలిస్తున్నారు. 1965లో వారి గ్రంథం వెలువడినది. కుక్కపిల్లకు మూడవ వారం మొదలు పన్నెండవ వారం వరకు మనుష్యులతో చెలిమి చేయడానికి వాకిలి తెరచి ఉంటుందనీ, ఆ తరువాత అది క్రమంగా మూసుకొంటుందనీ వారు గ్రహించినారు. ఇందుకు సంబంధించిన ఒక ప్రయోగం 1961లో ప్రకటితమైనది. ఎత్తైన కంచె గల పొలంలో మనిషి పొడ సోకకుండా కొన్ని పిల్లలను పెంచినారు. పద్నాలుగు వారాల వరకు మనిషిని ఎరుగని పిల్లలు అడవిజంతువులవలె బెదరిపోయినవి. తరువాత ఎంత లాలించినా వాటి బెదురు పూర్తిగా తీరలేదు.

ఫాఫెన్‌బర్గర్ శాన్ రఫేల్‌లో ఎనిమిదవ వారం నుంచి పన్నెండవ వారం వరకు పిల్లలను వారం వారం పరీక్షించేవాడు. పనికివచ్చే పిల్లను తెలిపే గుర్తులలో ఆయనకు మిక్కిలి విలువైనదిగా తోచినది మిక్కిలి చిన్నది. బంతి విసిరితే పరుగెత్తి, నోట కరచుకొని, మనిషి దగ్గరకు తిరిగి తెస్తుందా లేదా అన్నదే ఆ పరీక్ష. పరుగెత్తడంలో చురుకు ఉన్నది. తిరిగి తేవడంలో మనిషితో కలిసి పనిచేసే కోరిక ఉన్నది.

అయినా ఒక చిక్కు మిగిలినది. పరీక్షలన్నీ నెగ్గిన పిల్లలు కూడ కొన్ని తరువాత తప్పిపోతున్నవి. లెక్కలు తిరగవేసి చూస్తే కారణం బయటపడినది. పరీక్షలు ముగిసిన వారంలోగా పెంపుడిళ్లకు వెళ్లిన పిల్లలలో పదింట తొమ్మిది దారిచూపే కుక్కలైనవి. మూడు వారాలకు మించి కుక్కలశాలలోనే ఉండిపోయినవాటిలో పదింట మూడే నిలిచినవి. పుట్టుగుణం ఒకటే. పరీక్షలో వచ్చిన ఫలితమూ ఒకటే. ఇల్లు దొరకడంలో జరిగిన ఆలస్యమే వాటి జాతకాన్ని మార్చినది. స్కాట్, ఫాఫెన్‌బర్గర్ కలిసి ఈ సంగతిని 1959లో ప్రకటించినారు.

ఆ పెంపుడిళ్లు ఎవరివో చెప్పుకోదగినది. పల్లెలలోని బాలబాలికల సంఘాల సభ్యులు ఈ పిల్లలను ఇండ్లకు తీసుకొనిపోయి, ఏడాదికి పైగా పెంచి, సంతలకూ బజారులకూ వెంట త్రిప్పి, శిక్షణకు తిరిగి అప్పగించేవారు. బడికి పోయే వయస్సువారు తాము ప్రేమించినదానిని, కనులు లేనివారి కోసం, కళ్లనీళ్లతో వదలుకొనేవారు. అంధుని చేతికి వచ్చిన ప్రతి మంచికుక్క వెనుకా ఇట్టి ఇల్లొకటి ఉన్నది.

నలభై తొమ్మిదవ నాటి పరీక్ష

దారిచూపే కుక్కలకు పనికివచ్చిన పద్ధతి ఇంటి కుక్కలకు ఎందుకు పనికిరాదన్న ఆలోచన తరువాత వచ్చినది. 1970లలో విలియం క్యాంప్‌బెల్ ఐదు అంశాల పరీక్షను రూపొందించి ప్రచారంలోకి తెచ్చినాడు. జాక్ వోల్‌హార్డ్, వెండీ వోల్‌హార్డ్ అనే దంపతులు దానిని పది అంశాలకు పెంచినారు. పిల్ల పుట్టిన నలభై తొమ్మిదవ నాడు, అది అంతకుముందు చూడని చోట, అది ఎరుగని మనిషి ఈ పరీక్ష చేయాలి. తోబుట్టువులు పక్కన ఉండరాదు.

కొత్త మనిషి చప్పట్లు చరచి పిలిస్తే వస్తుందా? లేచి నడిస్తే వెంట పడుతుందా? వెల్లకిల పరుండబెట్టి అర నిమిషం మెత్తగా పట్టుకొంటే పెనుగులాడుతుందా, సర్దుకొంటుందా? వీపు నిమిరితే దూకుతుందా, ఒదిగిపోతుందా? నేలకు కొంచెం పైకి ఎత్తి పట్టుకొంటే ఏమి చేస్తుంది? ఉండచుట్టిన కాగితం విసిరితే తెచ్చి ఇస్తుందా? కాలివేళ్ల నడుమ మెల్లగా నొక్కితే ఎంతసేపు ఓర్చుకొంటుంది? గరిటెతో గిన్నె మీద కొడితే ఉలికిపడుతుందా, చప్పుడు వచ్చిన చోటును వెదకుతుందా? దారానికి కట్టిన తువ్వాలు కదిలితే వెంటాడుతుందా? ఎదుట గొడుగు తెరిస్తే పారిపోతుందా, వచ్చి వాసన చూస్తుందా?

ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేస్తారు. ఈ అంకెలు మన బడులలోని మార్కుల వంటివి కావు. ఆరు వచ్చినది అన్నింటికంటె మేలైనదీ కాదు, ఒకటి వచ్చినది తీసికట్టూ కాదు. ఒకట్లు, రెండ్లు ఎక్కువగా వస్తే అది ఎదిరించే తత్త్వం గలది. అనుభవం గల యజమానికే తగినది. మూళ్లు ఎక్కువైతే సామాన్య సంసారులకు కుదురుతుంది. నాలుగులు ఎక్కువైతే అణకువ గలది. ఐదులు ఎక్కువైతే బెదురుగొడ్డు, ఓర్పుగా పెంచేవారు కావాలి. ఆరులు ఎక్కువైతే తన లోకం తనది, ముద్దులు కోరేవారికి నిరాశ మిగులుతుంది. ఏది మంచిపిల్ల అని కాక, ఏది ఎవరికి మంచిపిల్ల అని అడగడమే ఈ పరీక్ష నేర్పిన పాఠం.

పరీక్ష చెప్పలేనిది

ఇంత చక్కని పరీక్షను తరువాతి శాస్త్రజ్ఞులు ఊరక నమ్మలేదు. నలభై తొమ్మిదవ నాడు కనిపించిన స్వభావం పెద్దయిన తరువాత నిలుస్తుందా అని పరిశీలించినారు. స్వీడన్‌లో విల్సన్, సుండ్‌గ్రెన్ అనేవారు 630 జర్మన్ షెపర్డ్ పిల్లలను ఎనిమిదవ వారంలో పరీక్షించి, పెద్దయిన తరువాత పరీక్షలతో పోల్చి 1998లో ఫలితం ప్రకటించినారు. పసితనపు పరీక్షను బట్టి పెద్దతనపు యోగ్యతను చెప్పడానికి వీలులేదని తేలినది. వియన్నాలో బోర్డర్ కోలీ జాతి పిల్లలను పుట్టినది మొదలు యౌవనం వరకు గమనించిన పరిశోధన 2014లో వెలువడినది. అందులో కొత్తచోటును వెదకి చూచే ఉత్సాహం ఒక్కటే చెప్పుకోదగినంతగా నిలిచినది. తక్కినవి చాలవరకు మారిపోయినవి.

అట్లని పుట్టుకలో ఏమీ లేదనడానికి వీలులేదు. సహాయపు కుక్కలుగా పెంచడానికి పుట్టిన 375 పిల్లలను ఎనిమిది వారాల వయస్సులో పరీక్షించిన పరిశోధన 2021లో వచ్చినది. మనిషి వ్రేలు చూపిన దిక్కును గ్రహించడంలో, మనిషి ముఖం వంక చూడడంలో పిల్ల పిల్లకూ గల భేదంలో నూటికి నలభై వంతులకు పైగా వంశం నుంచి వచ్చినదేనని లెక్కకట్టినారు. మరొకవంక, జాతిపేరును చూచి గుణాన్ని నిర్ణయించేవారికి 2022లో ఒక హెచ్చరిక వచ్చినది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించి చూస్తే, ఒక కుక్క నడవడికీ మరొక కుక్క నడవడికీ గల భేదంలో జాతి వలన వచ్చినది నూటికి సుమారు తొమ్మిది వంతులే. వేలకు వేలు పోసి జాతిపేరు కొన్నవాడు స్వభావాన్ని కొన్నట్లు కాదు.

అన్నింటికంటె ఆలోచింపజేసేది 2017లో 'సీయింగ్ ఐ' సంస్థ కుక్కల మీద ఎమిలీ బ్రే, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధన. 23 తల్లులనూ, వాటి 98 పిల్లలనూ వారు పరిశీలించినారు. కొన్ని తల్లులు పక్కకు ఒరిగి పరుండి పాలిస్తవి, పిల్లలకు శ్రమ లేదు. కొన్ని కూర్చుండియో, నిలుచుండియో ఇస్తవి, పిల్లలు మెడలు సాచి, తంటాలుపడి అందుకోవాలి. పెద్దయి దారిచూపే పనిలో నిలిచినవి ఎక్కువగా ఆ తంటాలుపడిన పిల్లలే. అతిగారాబంలో పెరిగినవి ఎక్కువగా తప్పిపోయినవి. పిల్ల మన ఇంటికి రాకముందే దానికి ఒక బడి ఉన్నదన్నమాట.

కనుక పరీక్ష అబద్ధం కాదు. అది ఒక దినపు ఛాయాచిత్రం. ఆ ఛాయాచిత్రాన్నే జాతకం అనుకోవడంలో పొరపాటు ఉన్నది.

జోడు కుదర్చడం

కుక్కలను అంధులకు ఇచ్చే సంస్థలు ఈ సంగతిని అనుభవంతో గ్రహించి, రెండువైపులా చూడడం నేర్చినవి. కుక్కను ఎంతగా పరీక్షిస్తారో, దానిని అందుకోబోయే మనిషిని గురించి అంతగా విచారిస్తారు. అతడు ఎంత వేగంగా నడుస్తాడు? ఎంత పొడగరి? మహానగరంలో రైళ్లెక్కి ఉద్యోగానికి పోయేవాడా, పల్లెలో గుడికీ అంగడికీ మాత్రమే వెళ్లేవాడా? ఇంట పసిపిల్లలున్నారా? గొంతు గట్టిదా, మెత్తనిదా? వీటన్నింటికీ ఒక చిత్రమైన పరీక్ష ఉన్నది. కుక్కకు బదులు శిక్షకుడే తోలుపట్టాల పిడి ఒక చివర పట్టుకొని ముందు నడుస్తాడు. అంధుడు రెండవ చివర పట్టుకొని వెనుక నడుస్తాడు. అతని అడుగు, పట్టు, బెదురు, ధైర్యం శిక్షకుని చేతికి తెలుస్తవి. అప్పుడు ఆ చేతికి తగిన కుక్క ఏదో ఆలోచిస్తారు. చురుకైన కుక్కను నెమ్మదస్థునికి ఇస్తే ఇద్దరూ అలసిపోతారు. నెమ్మదైన కుక్కను వడిగా నడిచేవానికి ఇస్తే ఇద్దరూ విసిగిపోతారు.

మన ఇండ్లకు ఇంత ఏర్పాటు అక్కరలేదు. కాని ప్రశ్న అదే. పిల్లను చూడబోయేముందు ఇంటిని చూచుకోవాలి. పగలంతా ఇంట ఎవరుంటారు? రోజూ దానిని త్రిప్పేది ఎవరు? పండుగకు ఊరు వెళితే దాని గతి ఏమి? తరువాత వీలైతే తల్లికుక్కను చూడాలి. ఆ పిల్లలను పుట్టిన నాటినుంచి చూస్తున్నవారిని అడగాలి. ఒక్కపూట పరీక్ష చేసినవానికంటె ఏడు వారాలు చూచినవారికి ఎక్కువ తెలుస్తుంది. కన్ను తెరవని పసికూనను తల్లి నుంచి వేరుచేసి తేరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను వ్యాపారులు అమ్మరాదని మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనలు కూడ చెబుతున్నవి. వీధిలో పుట్టిన పిల్లకూ ఇదే న్యాయం. దానికి జాతిపేరు లేకపోవచ్చును. స్వభావం లేకపోలేదు.

దారిచూపే పనికి తగినవి కావని తేలిన కుక్కలు నేటికీ ఎన్నో ఉంటవి. పిట్టను చూస్తే నిలువలేనిది ఒకటి. చప్పుడుకు ఉలికిపడేది ఒకటి. ప్రతి మనిషితోనూ ఆడుకోబోయేది ఒకటి. అక్కడి సంస్థలవారు వీటిని తప్పిన కుక్కలని అనడం మానివేసినారు. వృత్తి మారిన కుక్కలని వ్యవహరిస్తున్నారు. వాసన పట్టే చురుకు గలది గాలింపు పనికి పోతుంది. ఆటలమారిది పిల్లలున్న ఇంటికి చేరుతుంది. బెదురు గలది సద్దులేని ఇంట సుఖంగా ఉంటుంది. ఒకచోట లోపమైనదే మరొకచోట గుణమైనది.

శతకంలోని ఆ శునకం బంగారు గద్దె మీద కూర్చుండి కూడ తన బుద్ధి మార్చుకోలేదని నిందపడినది. అది గద్దెను కోరిన జాడ ఆ పద్యంలో ఎక్కడా లేదు. కూర్చుండబెట్టినవారు మంచి ముహూర్తం చూచినారు. కుక్కను మాత్రం చూడలేదు.